పశువు నెత్తుటిలోని కాపలా

కృష్ణా డెల్టాలో ఒక పల్లెకు గ్రామీణ కార్యక్రమం రికార్డు చేయడానికి వెళ్ళినప్పటి మాట. తొలకరి వానలు పడి పది రోజులైంది. మేము ఏ నాట్లపాటల కోసం వెళ్ళామో ఆ పాటలు ఆనాడు దొరకలేదు. ఒక ఇంటి ముంగిట జనం చేరి ఉన్నారు. అప్పు తెచ్చి కొన్న సంకరజాతి ఆవు, రెండవ ఈత, పూటకు ఆరేడు లీటర్ల పాలిచ్చేది, వారం రోజులు జ్వరపడి తెల్లవారుజామున చనిపోయింది. అదే కొట్టంలో, పక్క గాటి వద్ద, నాటు ఆవు ఒకటి తాపీగా నెమరువేస్తూ నిలబడి ఉన్నది. ఇంటి యజమానురాలు అరవై దాటిన ముసలమ్మ. మా పెట్టెలను, తీగలను చూసి నన్ను పశువుల డాక్టరనుకున్నది కాబోలు, దగ్గరకు వచ్చి అడిగింది:

"ఒకే కొట్టం, ఒకే మేత నాయనా. రెంటికీ అయ్యే పిడుదులు. నా చేత్తోనే పీకి నిప్పుల్లో ఏశాను. ఇది పోయింది, అది నిక్షేపంలా ఉంది. దీని నెత్తుట్లో లేందేంది, దాని నెత్తుట్లో ఉందేంది?"

నేను డాక్టరును కానమ్మా అని చెప్పి తప్పుకున్నాను. చెప్పగలవాణ్ణి అయినా ఆనాడు ఆమెకు వినే ఓపిక ఉండేది కాదు. కాని ఆ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. పుస్తకాలు తిరగవేశాను, తెలిసిన పశువైద్యులను విసిగించాను. చివరకు తేలినదేమంటే, నూరేళ్ళకు పైగా ఖండఖండాంతరాల శాస్త్రజ్ఞులు తమలో తాము వేసుకుంటున్న ప్రశ్ననే ఆ ముసలమ్మ అడిగింది. ఈ ప్రసంగం ఆమెకు ఆలస్యంగా చెబుతున్న జవాబు.

పిడుదు త్రాగే రక్తం కంటె, త్రాగేటప్పుడు లాలాజలంతోపాటు పశువు శరీరంలోకి అది విడిచేది ఎక్కువ ప్రమాదం. అందులో కంటికి కనిపించని ఏకకణ జీవులు ఉంటవి. ఇవి సూక్ష్మక్రిములలో బాక్టీరియా జాతికి చెందినవి కావు; కణం ఒక్కటే అయినా జంతు లక్షణాలు కలిగిన పరాన్నజీవులు. మన పశువుల రక్తాన్ని ఆశ్రయించేవాటిలో మూడింటిని ముఖ్యంగా చెప్పుకోవాలి. బబేసియా అనేది ఎర్ర రక్తకణంలో దూరి కాపురం పెడుతుంది. థైలేరియా ముందు తెల్లకణంలో దూరి, అక్కడ బలిసి, తరువాత ఎర్రకణానికి చేరుతుంది. ఈ రెంటినీ తెచ్చేవి పిడుదులు. ట్రిపనోసోమా అనే మూడవది జోరీగలతో వస్తుంది. ఏ కణంలోనూ దూరక రక్తద్రవంలోనే బహిరంగంగా ఈదుతూ తిరుగుతుంది. ముగ్గురు దొంగలు, మూడు దారులు. కనుక పశువు శరీరం కూడా మూడు విధాల కాపలా కాయవలసి వచ్చింది.

మొదటి దొంగ ఆచూకీ 1888లో తెలిసింది. రుమేనియాలో ఎర్రని మూత్రం పోస్తూ చనిపోతున్న పశువుల ఎర్రకణాలలో విక్టర్ బాబెష్ అనే శాస్త్రజ్ఞుడు ఈ జీవిని చూశాడు. బబేసియా అన్న పేరు ఆయన పేరు నుండి వచ్చినదే. ఆ రోజులలోనే అమెరికాలో ఒక వింత జరుగుతూ ఉండేది. దక్షిణాన టెక్సాసు ప్రాంతపు పశువులను మందలు మందలుగా ఉత్తరాది సంతలకు తోలుకొని పోయేవారు. తోలుకొని పోయిన పశువులకు ఏ జబ్బూ ఉండేది కాదు. కాని అవి మేసిన బీళ్ళలో ఆ తరువాత మేసిన ఉత్తరాది పశువులు జ్వరపడి, రక్తమూత్రం పోసి చనిపోయేవి. ఇది పిడుదుల పని అని కాపరులు అనేవారు. చదువుకున్నవారిలో ఎక్కువమంది ఆ మాటను లెక్కచేయలేదు. థియోబాల్డ్ స్మిత్ అనే వైద్యుడు, కిల్‌బోర్న్ అనే పశువైద్యుడు మాత్రం కాపరుల మాట విని, 1889 మొదలుకొని కంచెలు కట్టిన పొలాలలో వరుసగా ప్రయోగాలు చేశారు. ఒక పొలంలో దక్షిణాది పశువులను పిడుదులతో ఉంచారు; మరొక పొలంలో పిడుదులన్నింటినీ చేతితో ఏరివేసి ఉంచారు. పిడుదులున్న చోటనే జబ్బు వచ్చింది. 1893లో వారు ప్రకటించిన ఈ ఫలితంతో, రక్తం పీల్చే పురుగు ఒక వ్యాధిని ప్రాణి నుండి ప్రాణికి మోస్తుందని నిదర్శనపూర్వకంగా తేలింది. దోమకు, మలేరియాకు గల సంబంధం రుజువు కావడానికి అది నాలుగేళ్ళు ముందు. మరొక విశేషం కూడా వారు కనిపెట్టారు. జబ్బు పశువు రక్తం త్రాగిన తల్లి పిడుదు నేలరాలి గ్రుడ్లు పెట్టి చస్తుంది. ఆ గ్రుడ్లలో నుండి వచ్చిన పిల్లలు రోగాన్ని పుట్టుకతోనే మోసుకొని వస్తవి.

అయితే ముసలమ్మ ప్రశ్న ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది. రోగాన్ని తమతో తీసుకొని వచ్చిన ఆ దక్షిణాది పశువులు ఎందుకు చావలేదు?

అవి ఆ జబ్బును దూడతనంలోనే చూసి ఉండడమే కారణం. బబేసియా విషయంలో ప్రకృతి ఒక తలక్రిందులైన న్యాయం పాటించింది. సాధారణంగా పసిప్రాణం బలహీనమనీ, ఎదిగిన ప్రాణం గట్టిదనీ అనుకుంటాము. ఈ జబ్బులో ఇంచుమించు తొమ్మిది నెలల లోపు దూడ కొద్దిపాటి జ్వరంతో బయటపడుతుంది; మొదటిసారి దానిని ఎదుర్కొన్న ఎదిగిన ఆవు చనిపోవచ్చు. మొదటి రెండు నెలలలో తల్లి జున్నుపాల ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు కొంత అడ్డుకుంటవి. మనుషులలో ఇవి కడుపులో ఉండగానే మాయ ద్వారా బిడ్డకు చేరుతవి. గోజాతిలో ఆ దారి లేదు. పుట్టిన కొద్ది గంటలలో దూడ త్రాగే జున్నుపాలే ఆ ఆస్తిని అందించాలి. జున్ను రుచికి ఆశపడి దూడకు తగ్గించే ఇళ్ళు కొన్ని ఉన్నవి; ఆ రుచికి ఎంత మూల్యమో వారికి తెలియదు.

అయితే జున్నుపాల బలం తరిగిన తరువాత కూడా దూడ తట్టుకుంటున్నది. ఆ బలం ఎక్కడిది? ప్లీహంలో. కడుపులో ఎడమవైపున పెద్ద పొట్టను ఆనుకొని ఉండే ఈ అవయవాన్ని రక్తానికి జల్లెడ అనవచ్చు. రక్తం దీని సందుల గుండా ఒరుసుకుంటూ పోవలసిందే. పరాన్నజీవి దూరిన ఎర్రకణం బిరుసెక్కి ఉంటుంది. మెత్తగా వంగి సందు దాటలేదు. అక్కడ కాచుకొని ఉన్న మహాభక్షక కణాలు దానిని పట్టి మ్రింగివేస్తవి. శాస్త్రజ్ఞులు వీటిని మాక్రోఫేజిలంటారు. ఇవి మ్రింగడంతో ఊరుకోవు. నైట్రిక్ ఆక్సైడు అనే వాయువును తమలోనే పుట్టించి శత్రువును చంపుతవి. ఆ వాయువును పుట్టించడానికి వాటికి ఒక ఆజ్ఞ కావాలి. ఇంటర్‌ఫెరాను అనే రసాయనిక సందేశమే ఆ ఆజ్ఞ. దానిని పంపేవి సహజ హంతక కణాలు, లింఫు కణాలు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పరిశోధకులు దూడలను, ఎదిగిన పశువులను పక్కపక్కన పెట్టి, రెంటికీ బబేసియా ఎక్కించి, ప్లీహంలో ఈ సందేశాల రాకపోకలను కొలిచారు. 2001లో వారు ప్రకటించినదాని ప్రకారం దూడ ప్లీహంలో ఆజ్ఞ త్వరగా వెలువడుతుంది, వాయువు వెంటనే తయారవుతుంది, పని కాగానే చల్లారుతుంది. ఎదిగిన పశువులో అదే ఆజ్ఞ ఆలస్యంగా వస్తుంది. అప్పటికి శత్రువు లెక్కకు మించి పెరిగి ఉంటాడు. ప్లీహం తీసివేసిన దూడకు ఈ జబ్బు ప్రాణాంతకమని పూర్వమే తెలుసు. అంటే వయస్సు కాదు ప్రధానం, వేళ.

దొంగకూ కొన్ని ఎత్తులున్నవి. బబేసియాలో ఒక జాతి తాను దూరిన ఎర్రకణానికి జిగురు వంటి ముడులు మొలిపిస్తుంది. ఆ కణం మెదడులోని సన్నని నాళాల గోడలకు అంటుకొని కూర్చుంటుంది. జల్లెడకు రాని గింజను జల్లెడ ఏమి చేయగలదు? జబ్బు ముదిరిన పశువు తల గోడకేసి మోదుకోవడం, తూలిపడడం ఇందువలననే.

రెండవ దొంగ సంగతి క్లుప్తంగా చెబుతాను. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతంలో గుర్రాలకు, ఒంటెలకు సోకిన సర్రా అనే వ్యాధిని పరిశీలిస్తూ గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు వాటి రక్తంలో ట్రిపనోసోమాను చూశాడు. ఇది బహిరంగంగా తిరిగేది కనుక ప్రతిరక్షకాలు దానిని సులభంగా పట్టుకోవాలి. పట్టుకుంటవి కూడా, ప్రతిరక్షకాలు అంటుకున్న జీవులను కాలేయంలోని భక్షక కణాలు ఏరివేస్తవి. కాని ఈ బహురూపి తన పైచొక్కాను మార్చివేస్తుంది. పాత చొక్కా గుర్తుపట్టిన కాపలావాడు కొత్త చొక్కాలో ఉన్నవాణ్ణి పోనిస్తాడు. వారం తిరిగేసరికి కొత్త చొక్కా వాళ్ళతో ఊరు నిండిపోతుంది. జ్వరం వచ్చి, తగ్గి, మళ్ళీ రావడానికి కారణం ఇదే. మన ఆవులలో, గేదెలలో ఈ జబ్బు తరచు బయటపడక లోలోపల అణగి ఉంటుంది. గుర్రానికి, ఒంటెకు అంత అదృష్టం లేదు.

ఇక ఆ ముసలమ్మ ఆవును చంపినది, లక్షణాలను బట్టి పశువైద్యులు నాకు చెప్పినది, థైలేరియా. దీని కథ కొంచెం నిదానంగా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ దొంగ చేసే పని కాపలావాణ్ణి తప్పించుకోవడం కాదు, కాపలావాడి ఇంటిలోనే దూరడం.

మన దేశంలో ఉన్న జాతిని 1904లో కాకసస్ పర్వతాల దక్షిణ ప్రాంతంలో మొదటిసారి వర్ణించారు. దీనిని మోసే పిడుదు కొట్టం గోడల నెర్రెలలోను, రాళ్ళ క్రింద దాగి ఉండగలదు. అది పశువుకు అంటుకున్న క్షణంలోనే రోగం ఎక్కదు. సాధారణంగా రెండు మూడు రోజులు రక్తం త్రాగిన తరువాతనే దాని లాలాజల గ్రంథులలోని బీజాలు పక్వానికి వస్తవి. కనుక రోజూ చేతితో తడిమి పిడుదులు ఏరే ఇల్లాలు వృథాశ్రమ చేయడం లేదు. లోపలికి చేరిన బీజాలు సూటిగా పోయి దూరేది మహాభక్షక కణాలలో, కొన్ని లింఫు కణాలలో. బబేసియాను మ్రింగి చంపిన ఆ మాక్రోఫేజియే ఇక్కడ శత్రువుకు కోట అవుతున్నది.

దూరిన జీవి ఆ కణానికి ఒక పిచ్చి ఎక్కిస్తుంది. కణం ఆగకుండా విభజన చెందుతూ పోతుంది, కాన్సరు కణం వలె. కణం రెండుగా చీలేటప్పుడు దాని లోపలి వారసత్వ పదార్థాన్ని అటూ ఇటూ లాగే దారాలు ఉంటవి. పరాన్నజీవి ఆ దారాలకే తగులుకొని, తానూ రెండుగా చీలి, పిల్లకణాలు రెంటిలోను తన భాగాన్ని చేర్చుకుంటుంది. ఒకటి రెండు, రెండు నాలుగు. కొద్ది రోజులలో జబ్బ ముందర ఉండే లింఫు గ్రంథి ఉబ్బి బిళ్ళ కడుతుంది. జ్వరం నూట ఐదు, నూట ఆరు డిగ్రీలు దాటుతుంది. ఈ బిళ్ళను చేతితో తడిమి తెలుసుకోవచ్చు. జబ్బు మొదట్లో ఇచ్చే బుపర్వక్వోన్ అనే మందు పరాన్నజీవిని చంపితే, ఆ పిచ్చికణం విభజన మాని, తానూ నశిస్తుంది. కాన్సరుకు లేని విముక్తి దీనికి ఉండడం శాస్త్రజ్ఞులను ఇప్పటికీ ఆకర్షిస్తున్న విషయం.

ఇంతకన్న విపరీతం మరొకటి. పట్టుబడిన ఈ కణాలు చుట్టుపక్కల లింఫు కణాలను అర్థంలేకుండా రెచ్చగొడతవి. ఊరంతా లేచి పరుగెత్తుతుంది, దొంగ ఏ ఇంట్లో ఉన్నాడో ఎవరికీ తెలియదు. ఆ కలవరంలో పుట్టిన రసాయనాలు జ్వరాన్ని, రక్తహీనతను, కృశించిపోవడాన్ని తెచ్చిపెడతవి. చనిపోయే పశువు కొంతవరకు తన సొంత సైన్యపు అల్లరికే చనిపోతున్నది.

మరి బ్రతికే పశువు ఎట్లా బ్రతుకుతున్నది? కణం లోపల దాగినవాణ్ణి ప్రతిరక్షకాలు తాకలేవు. అందుకు వేరే కాపలా ఉన్నది. ఇంటిలో ఏమి వండుతున్నారో వీధిలో పోయేవాడికి పోపు వాసన చెప్పినట్లు, ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న మాంసకృత్తుల తునకలను పైపొర మీద ప్రదర్శిస్తూ ఉంటుంది. హంతక టి-కణాలనే లింఫు కణాలు ఇల్లిల్లూ తిరుగుతూ ఆ వాసన చూస్తవి. పరాయి వంట తగిలిందా, ఆ ఇంటిని దొంగతో సహా కూల్చివేస్తవి. జబ్బు నుండి కోలుకున్న పశువుల రక్తంలో ఇటువంటి కణాలు కనిపించినవని 1980 తరువాతి సంవత్సరాలలో తేలింది. అయితే కనిపించడం వేరు, అవే కాపాడినవని చెప్పడం వేరు. ఆ రుజువు తూర్పు ఆఫ్రికా నుండి, థైలేరియాలో అక్కడి జాతి మీద చేసిన ప్రయోగం వలన వచ్చింది.

కెన్యాలో నైరోబీ వద్ద పరిశోధకులు ఒకే అండం నుండి పుట్టిన కవల దూడలను తీసుకున్నారు. కవలలే ఎందుకంటే, ఒకదాని కణాలను మరొకటి పరాయివని త్రోసివేయదు. ఒక దూడకు రోగనిరోధం కలిగించి, దాని లింఫు ద్రవంలో నుండి హంతక టి-కణాల వర్గాన్ని వేరుచేసి, ఏ రక్షణా లేని కవల దూడకు ఎక్కించారు. రెండవ దూడ ఆ రోగాన్ని తట్టుకున్నది. 1994లో వెలువడిన ఈ ఫలితం నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యం కలిగిస్తుంది. మందు లేదు, ప్రతిరక్షకాలు లేవు. ఒక తోబుట్టువు కాపలాదారులు వచ్చి మరొక తోబుట్టువు ఇంటిని కాచారు.

ఇక్కడ మరొక జాతి కణాలను చెప్పకపోతే గోజాతికి అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. గామా-డెల్టా టి-కణాలని వీటికి పేరు. మనిషి రక్తంలోని లింఫు కణాలలో ఇవి చాల కొద్ది; దూడ రక్తంలో సగం దాకా ఉండవచ్చు. పూర్వపరిచయం కొరకు ఎక్కువ కాలం వేచి ఉండక, ఇంటర్‌ఫెరాను సందేశాన్ని త్వరగా పంపగలవు. పశువు ఎదిగిన కొద్దీ వీటి పాలు తగ్గుతుంది. దూడ త్వరితగతికి ఇవి కూడా తోడ్పడతవని తలచడానికి ఆధారాలున్నవి.

ఇప్పుడు నాటు ఆవు దగ్గరకు వద్దాము. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో స్కాట్లండు పరిశోధకులు మన సహివాల్ జాతి దూడలకు, హోల్‌స్టీన్ జాతి దూడలకు ఒకే మోతాదు థైలేరియా ఎక్కించి చూశారు. 2005లో ఆ ఫలితాలు వెలువడినవి. సహివాల్ దూడలలో జ్వరం తక్కువ, పరాన్నజీవులు తక్కువ, వాపు కలిగినప్పుడు కాలేయం విడుదల చేసే మాంసకృత్తులు రక్తంలో మిక్కిలి తక్కువ. అవి కోలుకున్నవి. హోల్‌స్టీన్ దూడలలో ఆ మాంసకృత్తులు విపరీతంగా పెరిగినవి, జబ్బు తీవ్రమైంది. దీనికి నాకు తోచిన అర్థం ఇది: సహివాల్ దూడ ఎక్కువ పోరాడడం లేదు, కావలసినంతే పోరాడుతున్నది. వేల ఏళ్ళుగా ఈ పిడుదులతో, ఈ ఎండలతో కాపురం చేసిన మూపుర జాతులకు ఆ లెక్క అబ్బింది. నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పిలువబడుతూ మన ఒంగోలు సంతతి బ్రెజిల్ బీళ్ళను నింపడానికి పిడుదులను, ఎండను తట్టుకొనే శక్తి కూడా ఒక కారణం. చల్లని దేశాల పాడిజాతికి పాలు ఉన్నవి, ఆ లెక్క లేదు. సంకరజాతి ఆవుకు ఏ పాలు ఎంత వచ్చునో, ఏ లెక్క ఎంత వచ్చునో మనం ముందుగా చెప్పలేము. ఇదే ముసలమ్మకు జవాబు. అయితే ఈ మాట విని సంకరజాతి పశువులను వదులుకోమనడం నా అభిప్రాయం కాదు. పూటకు లీటరున్నర ఇచ్చే ఆవుతో అప్పు తీరదు.

పుట్టుకతో రాని లెక్కను నేర్పించవచ్చు. థైలేరియా దూరిన తెల్లకణాలను శరీరం వెలుపల, గాజు పాత్రలో పెంచవచ్చునని 1945లో పాలస్తీనాలో త్సుర్ అనే శాస్త్రజ్ఞుడు చూపాడు. అట్లా తరాల తరబడి పెంచితే ఆ జీవికి రోగం కలిగించే శక్తి తగ్గుతుంది, గుర్తింపబడే లక్షణం మిగులుతుంది. ఇదే టీకా. మన దేశంలో రక్షావాక్-టి అనే పేరుతో దీనిని హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థ తయారుచేసింది. పాత్రలో పెరిగిన కణాలు వేరొక పశువువి కనుక, టీకా వేయించుకున్న పశువు వాటిని పరాయివని తొలగిస్తుంది. ఆలోగా కోరలు పీకిన ఆ జీవి కొద్దిగా దాని సొంత కణాలలోకి మారుతుంది. అక్కడ దానిని చూసి హంతక కణాలు వాసన నేర్చుకుంటవి. నిజమైన దొంగ వచ్చేనాటికి కాపలావాళ్ళకు గుర్తు తెలిసి ఉంటుంది.

చిక్కు ఒకటే. ఇది ప్రాణమున్న టీకా. సున్నాకు క్రింద 196 డిగ్రీల చలిలో ద్రవ నైట్రోజను పాత్రలో ఉంచాలి. కరిగించిన తరువాత వెంటనే వాడివేయాలి, మళ్ళీ దాచడానికి వీలులేదు. అందువలన ఒక్క పశువు కొరకు సీసా తెరవడం కష్టం. నాలుగైదు ఇళ్ళవారు కూడబలుక్కొని ఒక రోజు పెట్టుకోవాలి. ఏ వయస్సులో, చూడి పశువుకు వేయించవచ్చునా లేదా అన్నది పశువైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

మరుసటి ఏడాది ఎండలు ముదరకముందు ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాను. ముసలమ్మ ఒక సంకరజాతి పెయ్యను కొన్నది. పశువైద్యుడు చెప్పిన మాట పట్టుకొని తానే వీధి వీధి తిరిగి, తొమ్మిది పశువులను రావిచెట్టు క్రిందకు తోలించింది. పాత్ర మూత తీయగానే తెల్లని పొగ నేలమీద పరచుకున్నది. పిల్లలు కేకలు వేశారు, పెయ్య బెదిరి పగ్గం లాగింది. "పట్టుకో నాయనా, ఊరికే చూస్తావేం" అని ఆమె నా చేతికి పగ్గం ఇచ్చింది. అవతల కొట్టంలో నాటు ఆవు ఇటు తల త్రిప్పకుండా నెమరువేస్తూనే ఉన్నది.